బలం ఇంజనుది, పట్టు నేలది

మెర్సిడెస్-ఏఎంజీ జీ 63 బండి వివరాల కాగితం చేతికొస్తే చూపు ముందు పై వరుస మీదే పడుతుంది. ఎనిమిది సిలిండర్లు. 3,982 సీసీ. రెండు టర్బోలు. 585 హార్స్‌పవర్. 850 న్యూటన్ మీటర్ల టార్క్. నిలుచున్న చోటి నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 4.5 సెకన్లు. 2018లో వచ్చిన తరం బండి లెక్కలివి. అదే కాగితం అడుగున మరికొన్ని అంకెలుంటాయి. నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడం 241 మిల్లీమీటర్లు, నీళ్లలో దిగగల లోతు 700 మిల్లీమీటర్లు, లో రేంజ్ గేరు నిష్పత్తి 2.93, డిఫరెన్షియల్ లాకులు మూడు.

పై వరుస గురించి కుర్రాళ్లు గంటలు గంటలు వాదించుకుంటారు. అడుగు వరుస జోలికి పోయేవాళ్లు తక్కువ. కానీ రోడ్డు అయిపోయిన చోట బండిని గట్టెక్కించేవి ఈ అడుగు అంకెలే. ఎందుకో తెలియాలంటే పై వరుసను నేల మీదికి దించి లెక్క కట్టాలి. అందుకు హనుమకొండ మంచి చోటు. పద్మాక్షి గుట్ట లాంటి గ్రానైట్ రాళ్లున్నాయి. ఎర్ర చల్కలున్నాయి, పత్తి పండే నల్లరేగళ్లున్నాయి. చెరువుల కింద వరి నాటే మాగాణి ఉంది. వానాకాలంలో రోడ్ల మీదికి పొర్లే వాగులున్నాయి. మే నెలలో 45 డిగ్రీలకు చేరే ఎండ ఉంది. పక్కనే కాజీపేటలో రైలింజన్ల షెడ్డు ఉంది. దాని అవసరం కూడా కాసేపట్లో పడుతుంది.

గదిలో కొలిచిన బలం

హార్స్‌పవర్, టార్క్ అనే రెండంకెలూ నేల మీద కొలిచినవి కావు. ఇంజన్‌ను గదిలో డైనమోమీటరు అనే యంత్రానికి బిగించి కొలుస్తారు. వరంగల్ నిట్‌లోనే కాదు, ఏ కళాశాలలోనైనా మెకానికల్ విద్యార్థి లాబ్‌లో చేసే పరీక్షే ఇది. డైనమోమీటరు ఇంజన్‌ను అడ్డుకుంటుంది, ఇంజన్ దాన్ని తోసుకుని తిరుగుతుంది. ఆ పెనుగులాటలో ఎంత బలంతో తిప్పిందన్నది టార్క్. ఒక మీటరు పొడవున్న కడ్డీ చివర దాదాపు 87 కిలోల బరువు వేలాడదీస్తే, అటు చివర పడే మెలి బలం 850 న్యూటన్ మీటర్లు.

టార్క్ ఒక్కటే ఉంటే పని కాదు, తిరగాలి కూడా. టార్క్‌ను తిరిగే వేగంతో గుణిస్తే వచ్చేది శక్తి, దాన్నే హార్స్‌పవర్‌లో చెబుతారు. 75 కిలోల బరువును సెకనులో ఒక మీటరు పైకెత్తితే అది ఒక మెట్రిక్ హార్స్‌పవర్, 735.5 వాట్లు. జీ 63 ఇంజన్ 2,500 నుంచి 3,500 చుట్ల దాకా 850 న్యూటన్ మీటర్లు నిలకడగా ఇస్తుంది. నిమిషానికి 3,500 చుట్ల దగ్గర లెక్క కడితే 424 హార్స్‌పవర్ వస్తుంది. గరిష్ఠమైన 585 రావాలంటే 6,000 చుట్లు తిరగాలి. అక్కడ టార్క్ 684కు పడిపోయి ఉంటుంది. టార్క్ అయిదో వంతు తగ్గినా, చుట్లు అంతకంటే ఎక్కువగా పెరిగాయి కనుక లబ్ధం పెరిగింది. కాగితం మీద పక్కపక్కనే కనిపించే 585, 850 ఒకే క్షణంలో కలిసి దొరికేవి కావన్నమాట.

నాగలి లాగే జత ఎద్దుల శక్తి దాదాపు ఒక హార్స్‌పవర్ ఉంటుంది. ఆ లెక్కన ఈ ఇంజన్ 585 జతల ఎద్దులతో సమానం. కానీ 585 జతల ఎద్దులకు 4,680 కాళ్లుంటాయి, ప్రతి గిట్టా నేలలో దిగి పట్టు తీసుకుంటుంది. బండికి ఉన్నవి నాలుగు టైర్లు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

గాలి మింగి వేడి కక్కే యంత్రం

ముందు ఇంజన్ గొప్పతనాన్ని ఒప్పుకుందాం. ఎం 177 అని పిలిచే ఈ ఇంజన్‌ను జర్మనీలోని అఫల్టర్‌బాఖ్‌లో మొదటి నుంచి చివరి దాకా ఒక్కరే కూర్చి, చివర తన పేరున్న పలక బిగిస్తారు. సిలిండరు వ్యాసం 83 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 92 మిల్లీమీటర్లు. నిమిషానికి 6,000 చుట్లంటే సెకనుకు వంద. సెకనులో వంద సార్లు కిందికి, వంద సార్లు పైకి కదిలే పిస్టన్ సగటు వేగం సెకనుకు 18.4 మీటర్లు, అంటే గంటకు 66 కిలోమీటర్లు. ప్రతి సిలిండరులోనూ రెండు చుట్లకోసారి ఇంధనం మండుతుంది. ఎనిమిదింటిలో కలిపి సెకనుకు 400 మంటలు.

మంటకు గాలి కావాలి. ఈ పరిమాణమున్న ఇంజన్ ఆ వేగంలో టర్బో లేకుండానే నిమిషానికి దాదాపు 12 ఘనమీటర్ల గాలి పీల్చగలదు. అది చాలదని రెండు టర్బోలు పెట్టారు. బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి కూరుతుంది. ఈ ఇంజన్‌లో సిలిండర్లు వి ఆకారంలో రెండు వరుసలుగా ఉంటాయి. టర్బోలను బయటి పక్కల వేలాడదీయకుండా ఆ వి మధ్యలోనే అమర్చారు. పొగ ప్రయాణించే దూరం తగ్గింది, యాక్సిలరేటరు తొక్కగానే టర్బో త్వరగా అందుకుంటుంది. ఇంజన్ కూడా పొందికగా ఇమిడింది. దానికి చెల్లించే మూల్యం వేడి. అత్యంత వేడి భాగాలన్నీ ఒకేచోట గుమిగూడాయి.

పెట్రోలు ఇంజన్ ఎంత మంచిదైనా ఇంధనంలోని శక్తిలో మూడో వంతుకు అటూ ఇటూగా మాత్రమే ఇరుసుకు అందిస్తుంది. 585 హార్స్‌పవర్ అంటే 430 కిలోవాట్లు. అది మూడో వంతు అయితే మొత్తం ఇంధన శక్తి 1,290 కిలోవాట్లు. లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్లుంటాయి కనుక, పూర్తి బలం దగ్గర నిమిషానికి 2.4 లీటర్ల పెట్రోలు మండుతుంది. మిగిలిన రెండు వంతులు, అంటే 860 కిలోవాట్లు, పొగగానూ వేడిగానూ బయటికి పోతాయి. అందుకే తక్కువ బలం చాలినప్పుడు ఎనిమిదిలో నాలుగు సిలిండర్లను ఆపేసే ఏర్పాటు కూడా దీనిలో ఉంది.

వాతావరణ శాఖ పరిశీలన కేంద్రాల్లో హనుమకొండ ఒకటి. వేసవి పట్టికల్లో ఆ పేరు తరచు పై వరుసల్లోనే కనిపిస్తుంది. ఆ ఎండ ఇంజన్‌ను ఎలా తాకుతుందో చూద్దాం. 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి 9 శాతం పలచన. అంటే అదే సిలిండరులో అంత ఆక్సిజన్ తగ్గింది. ఆ గాలినే టర్బో రెట్టింపు ఒత్తిడికి నొక్కితే, ఏ నష్టం లేని ఆదర్శ లెక్కలోనే ఉష్ణోగ్రత 115 డిగ్రీలకు ఎక్కుతుంది. నిజం టర్బోలో ఇంకా ఎక్కువే. అంత వేడి గాలి సిలిండరులోకి వెళితే స్పార్క్ రగిలించిన మంట చేరేలోపే మిగిలిన ఇంధనం తనంతట తాను అంటుకుని ఇంజన్ టకటకలాడుతుంది. అందుకే మధ్యలో నీళ్లతో చల్లార్చే ఇంటర్‌కూలరు పెట్టారు. కంప్యూటరు కూడా స్పార్క్‌ను కొంచెం వెనక్కి జరిపి, ఒత్తిడి తగ్గించి కాపాడుకుంటుంది. రోడ్డు మీద ఎదురుగాలి రేడియేటరును చల్లబరుస్తుంది. గుట్ట మీద నడక వేగంతో పాకుతున్నప్పుడు ఆ సాయం ఉండదు, ఫ్యానే దిక్కు.

4.5 సెకన్లలో ఏం జరిగింది?

ఈ బండి బరువు 2,560 కిలోలు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో దాని గతిశక్తి 988 కిలోజౌళ్లు. దాన్ని 4.5 సెకన్లతో భాగిస్తే సగటున 219 కిలోవాట్లు, అంటే 298 హార్స్‌పవర్. కొన్నది 585, సగటున బండిని ముందుకు నెట్టింది దానిలో దాదాపు సగం. కొంత గేర్లలో, ఇరుసుల్లో, చక్రాలను తిప్పడంలో, గాలిని చీల్చడంలో పోయింది. అంతకంటే ముఖ్యం, బండి కదిలిన మొదటి క్షణాల్లో ఇంజన్ తన పూర్తి శక్తిని ఇచ్చే వేగంలోనే లేదు.

ఇదే ప్రయోగాన్ని మరోవైపు నుంచి చూద్దాం. 4.5 సెకన్లలో ఆ వేగం అందుకోవాలంటే సగటు త్వరణం సెకనుకు సెకనుకు 6.2 మీటర్లు, అంటే గురుత్వ త్వరణంలో 0.63 వంతు. బండిని ముందుకు నెట్టే బలం చివరికి టైరు నేలను వెనక్కి నెట్టడం వల్లే వస్తుంది. కాబట్టి నేలకూ టైరుకూ మధ్య ఘర్షణ గుణకం కనీసం 0.63 ఉండాలి. ఎండిన తారు రోడ్డు మీద అది 0.8 నుంచి 1 దాకా ఉంటుంది కనుక ఇబ్బంది లేదు. తడిసిన బంకమట్టి మీద 0.2, 0.3కు పడిపోతుంది. 0.25 అనుకుంటే, ఇంజన్ ఎంత పెద్దదైనా 100 కిలోమీటర్ల వేగానికి 11 సెకన్లకు పైగా పడుతుంది. అంతకంటే తక్కువలో అందుకునే ఇంజన్ ఇప్పటిదాకా పుట్టలేదు, ఇకముందు పుట్టబోదు. ఆ హద్దు మట్టి గీసింది.

కాజీపేట షెడ్డు చెప్పే పాఠం

ఈ హద్దు గురించి బాగా తెలిసినవాళ్లు రైలింజన్లు నడిపేవాళ్లు. కాజీపేట ఎలక్ట్రిక్ షెడ్డులో కనిపించే వ్యాగ్-7 రకం గూడ్సు ఇంజన్ శక్తి 5,000 హార్స్‌పవర్, బరువు 123 టన్నులు. రోడ్డు బండిని తేలిక చేయడానికి ఇంజనీర్లు తల బద్దలు కొట్టుకుంటుంటే రైలింజన్‌ను ఎందుకింత బరువుగా చేశారు? ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి దొరికే పట్టు, పైనున్న బరువులో మూడో వంతుకు కాస్త అటూ ఇటూ. 123 టన్నుల ఇంజన్ కదలబోతున్నప్పుడు దాదాపు 42 టన్నుల బలంతో లాగగలదు. ఇంజన్ బరువు సగమైతే లాగే బలమూ సగమే, మోటార్లలో ఎంత శక్తి ఉన్నా సరే. పట్టా తడిసి చక్రం జారితే లోకో పైలట్ చక్రాల ముందు ఇసుక చల్లుతాడు. శక్తి పెంచడు, పట్టు పెంచుతాడు.

ఇప్పుడు జీ 63కి ఇదే సూత్రం పెడదాం. ఇంజన్ టార్క్ 850. గేర్‌బాక్స్ మొదటి గేరు దాన్ని 5.35 రెట్లు చేస్తుంది. లో రేంజ్ మీట నొక్కితే మరో 2.93 రెట్లు. మొత్తం 13,300 న్యూటన్ మీటర్లు. ఇంకా ఇరుసులోని గేర్ల లెక్క కలపనేలేదు. 275/50 ఆర్20 టైరు అర్ధవ్యాసం 0.39 మీటర్లు. భాగిస్తే నేల దగ్గర నెట్టే బలం 34,000 న్యూటన్లు. బండి మొత్తం బరువే 25,100 న్యూటన్లు. అంటే ఇరుసు గేర్లను వదిలేసినా, ఇంజన్ తన బండి బరువుకు మించిన బలంతో నేలను నెట్టగలదు. అంత బలాన్ని ఆపుకోగల నేల ఎక్కడా దొరకదు.

అడుగు వరుసకు చెందిన మరో అంకె కూడా ఇక్కడే తేటపడుతుంది. తగిన నేల మీద జీ-క్లాస్ 100 శాతం ఏటవాలు ఎక్కగలదని కంపెనీ చెబుతుంది. 100 శాతం అంటే నిట్టనిలువు కాదు. వంద మీటర్లు ముందుకు పోతే వంద మీటర్లు పైకెక్కడం, అంటే 45 డిగ్రీలు. ఆ ఏటవాలు మీద జారకుండా నిలబడాలంటే ఘర్షణ గుణకం కనీసం 1 ఉండాలి. పొడి గ్రానైట్ గరుకు రాతి మీద రబ్బరుకు అంత పట్టు దొరకొచ్చు. 0.25 దగ్గర మాత్రం 14 డిగ్రీలు దాటలేదు. అడుగు వరుసలోని ఆ 100 శాతంలో అసలు షరతు ‘తగిన నేల’ అన్న మాటే.

చివరిగా ఒక లెక్క. తడి బంకమట్టి మీద గుణకం 0.25 అయితే ఈ బండికి దొరికే పట్టు 640 కిలోల బలం. గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఆ పట్టునంతా వాడుకుంటూ పోతే ఖర్చయ్యే శక్తి 24 హార్స్‌పవర్. 585లో మిగిలిన 561 వాడదామని యాక్సిలరేటరు తొక్కితే చక్రాలు గిర్రున తిరిగి మట్టిని వెనక్కి చిమ్ముతాయి, బండి తన గోతిని తానే తవ్వుకుంటుంది.

చల్క, దుబ్బ, రేగడి

నేల అంటే ఒక్కటి కాదు. ఎర్ర చల్కలో ఇసుక పాలు ఎక్కువ. వాన పడితే నీరు లోపలికి ఇంకిపోతుంది, ఒక పూట తెరిపిస్తే టైరుకు మళ్లీ పట్టు దొరుకుతుంది. నల్లరేగడి గుణం వేరు. దీనిలోని బంకమట్టి రేణువులు పలుచటి పొరలుగా ఉంటాయి. నీరు ఆ పొరల మధ్య దూరి వాటిని ఎడం చేస్తుంది, మట్టి ఉబ్బుతుంది. ఉబ్బిన మట్టి టైరు గాట్లలో ఇరుక్కుని ఊడి రాదు. నాలుగు చుట్లు తిరిగేసరికి గాట్లున్న టైరు నున్నటి మట్టి చక్రమైపోతుంది. అప్పుడు జారేది రబ్బరు కాదు, మట్టి మీద మట్టి.

దుబ్బ నేలల్లో, వాగు ఇసుకలో ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. ఇసుక రేణువుల మధ్య బంధం లేదు. ఒత్తితే పక్కలకు జరిగిపోతాయి. పక్కలకు జరగనీయకుండా బంధిస్తే మాత్రం అదే ఇసుక ఎంత బరువైనా మోస్తుంది. 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి పునాదిలో కాకతీయ శిల్పులు గుంతలో బంధించి నింపిన ఇసుక మీదే అంత రాతిని నిలిపారు. టైరు కింద ఇసుకను బంధించే గోడలు లేవు. కాబట్టి మనం చేయగలిగిందల్లా ఒత్తిడి తగ్గించడమే.

ఒక్కో చక్రం మీద పడే బరువు 640 కిలోలు. టైరులో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 2.3 కిలోలుంటే, టైరు నేలను తాకే వైశాల్యం సుమారు 280 చదరపు సెంటీమీటర్లు. నాలుగూ కలిపి 1,100. ఒత్తిడిని 1.2కు దించితే వైశాల్యం దాదాపు రెట్టింపవుతుంది, టైరు మట్టిలో దిగబడటం తగ్గుతుంది. ఇసుకలో దిగేముందు అనుభవమున్నవాళ్లు గాలి తీసేది ఇందుకే. పైసా ఖర్చు లేని ఈ పని చేసే మేలు వంద హార్స్‌పవర్ అదనంగా ఉన్నా చేయదు. తిరిగి తారు రోడ్డు ఎక్కేముందు గాలి నింపుకోవాలి, లేకపోతే టైరు వేడెక్కి పాడవుతుంది.

ఈ సూత్రాన్ని చివరిదాకా తీసుకుపోయిన యంత్రం సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో తయారవుతుంది. అక్కడి మెదక్ ఆయుధ కర్మాగారంలో తయారయ్యే ‘శరత్’, సోవియట్ బీఎంపీ-2 నమూనా మీద చేసిన సైనిక వాహనం. బరువు 14 టన్నుల పైచిలుకు, డీజిల్ ఇంజన్ 300 హార్స్‌పవర్. టన్నుకు లెక్క కడితే జీ 63కి 228 హార్స్‌పవర్, దీనికి 21. అయినా జీ 63 కూరుకుపోయే బురదలో ఇది సాఫీగా పోతుంది. చక్రాల బదులు వెడల్పాటి ఉక్కు గొలుసు పట్టాలు ఉండటంతో నేల మీద దీని ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 0.65 కిలోలే. పైగా నీళ్లలో ఈదుతుంది కూడా.

అంత దూరం పోనక్కర్లేదు. నాట్ల కాలంలో ఏ చెరువు కింది పొలం దగ్గర నిలబడినా సరిపోతుంది. 45 హార్స్‌పవర్ ట్రాక్టరు ఇనుప కేజ్ వీల్స్ తగిలించుకుని మోకాలి లోతు బురదలో దమ్ము చేస్తుంది. ఆ ఇనుప పట్టీలు మెత్తటి బురదను దాటి అడుగున గట్టిగా ఉన్న పొరను పట్టుకుంటాయి, ఘర్షణతో కాక తెడ్డులా నెడతాయి. అవే చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డు చెక్కుకుపోతుంది. ఒక నేలకు పనికొచ్చే చక్రం ఇంకో నేలకు పనికిరాదు.

మూడు తాళాలు

బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. రెండింటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఒకటి ఈడ్చుకుపోతుంది. అందుకని మధ్యలో డిఫరెన్షియల్ అనే గేర్ల పెట్టె ఉంటుంది. అది రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో తిరగనిస్తుంది, టార్క్ మాత్రం రెండింటికీ సమానంగా పంచుతుంది. తారు రోడ్డు మీద ఈ న్యాయం మంచిదే. బురదలో అదే కొంప ముంచుతుంది.

వెనక ఇరుసు కుడి చక్రం రేగడిలో దిగిందనుకుందాం. గుణకం 0.1. దానికి దొరికే పట్టు 64 కిలోలు. ఎడమ చక్రం గట్టి రాతి మీదుంది, 0.7 లెక్కన 448 కిలోలు నెట్టగలదు. కానీ కుడి చక్రం 64 దగ్గరే జారిపోతుంది. టార్క్ సమానంగా పంచాలి కనుక ఎడమ చక్రానికీ 64కు మించి అందదు. మొత్తం 128. కుడి చక్రం గాలిలో తేలితే రెండింటికీ సున్నాయే. అందుకే ఒక చక్రం ఊరికే తిరుగుతూ బండి కదలని దృశ్యం మనకు అంత పరిచయం. లాక్ వేస్తే రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించినట్టవుతాయి, 64కు 448 కలిసి 512 అవుతుంది. ఇంజన్‌ను తాకకుండానే నెట్టే బలం నాలుగింతలైంది. ట్రాక్టరు నడిపేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. ఒక చక్రం దిగబడగానే వాళ్ల మడమ తనంతట తానే డిఫరెన్షియల్ లాక్ పెడల్ మీదికి పోతుంది.

జీ-క్లాస్‌లో ముందు ఇరుసుకొకటి, వెనక ఇరుసుకొకటి, రెంటికీ నడుమ ఒకటి, మొత్తం మూడు లాకులున్నాయి. డాష్‌బోర్డు మీద మీటలకు 1, 2, 3 అని వరుస ఉంటుంది. ముందు నడిమిది, తర్వాత వెనకది, చివర ముందు ఇరుసుది. ముందు ఇరుసు లాక్ వేస్తే స్టీరింగ్ మొరాయిస్తుంది కనుక దాన్ని చివరికి పెట్టారు. లాకులన్నీ వేసి గట్టి రోడ్డు మీద మలుపు తిరగకూడదు, ఇరుసులు మెలిపడతాయి.

ఈ బండి పుట్టుక తెలిస్తే లాకులకు అంత చోటెందుకిచ్చారో అర్థమవుతుంది. 1972లో డైమ్లర్ కంపెనీ ఆస్ట్రియాలోని స్టైర్-డైమ్లర్-పుఖ్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. 1979 ఫిబ్రవరిలో గ్రాజ్ నగరంలో ఉత్పత్తి మొదలైంది. ఆ ఊరి పక్కనున్న 1,445 మీటర్ల షోకెల్ కొండే దాని పరీక్షాశాల, ఈనాటికీ. అప్పటి డీజిల్ నమూనా 240 జీడీ శక్తి 72 హార్స్‌పవర్. ఇప్పటిది దానికి ఎనిమిది రెట్లు. కొండ ఏటవాలు మాత్రం ఎనిమిది రెట్లు కాలేదు. పెరిగిన హార్స్‌పవర్ తారు రోడ్డు కోసం పెరిగింది.

వాగు దగ్గర లెక్క మారుతుంది

అడుగు వరుసలో జనం ఎక్కువగా పొరబడే అంకె నీటి లోతుది. 700 మిల్లీమీటర్లంటే నిలిచిన నీళ్లలో, అడుగున గట్టి నేల ఉన్నచోట, నెమ్మదిగా పోతే ఇంజన్‌లోకి నీరు చేరకుండా ఉండే హద్దు. పారే నీటి గురించి ఆ అంకె ఏమీ చెప్పదు.

2023 జూలై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు మునిగింది. హనుమకొండ, వరంగల్ కాలనీల్లోనూ నీళ్లు చేరాయి. అలాంటి రోజున వాగు మీది లో లెవల్ వంతెన దాటబోయే 2,560 కిలోల బండిని ఊహించండి. బండి అడుగు కంటే 30 సెంటీమీటర్లు పైకి నీళ్లొచ్చాయి. తలుపుల సందుల్లోంచి నీరు లోపల నిండేలోపు, 4.2 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పున్న శరీరం 2.27 ఘనమీటర్ల నీటిని పక్కకు నెడుతుంది. ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం 2,270 కిలోల బలం బండిని పైకి ఎత్తుతుంది. టైర్ల మీద మిగిలే బరువు 290 కిలోలు. తడి సిమెంటు మీద గుణకం 0.5 అనుకుంటే పట్టు 145 కిలోలు. సెకనుకు రెండు మీటర్ల వేగంతో పక్క నుంచి కొట్టే ప్రవాహం ఆ బండి పక్క మీద చూపే బలం అంతకంటే ఎక్కువే. ఫలితం చెప్పనక్కర్లేదు. బరువైన బండిని వాగు ఏం చేస్తుందిలే అనుకునేవాళ్లు మరిచిపోయేది ఇదే. బరువు ఎక్కడికీ పోలేదు, నేల మీద దాని ఒత్తిడి పోయింది. ఒత్తిడి పోతే ఘర్షణ పోతుంది, ఘర్షణ పోతే 585 హార్స్‌పవర్‌కు ఆసరా లేదు.

ఇక నీరు గాలి గొట్టంలోకి చేరితే ఇంజనే పోతుంది. ఈ ఇంజన్‌లో ఒక్కో సిలిండరు దాదాపు 498 సీసీ. పిస్టన్ పై కొసకు చేరినప్పుడు మిగిలే ఖాళీ 60 సీసీ ప్రాంతంలో ఉంటుంది. గాలి అంతలోకి నలుగుతుంది, నీరు నలగదు. నాలుగైదు టేబుల్ స్పూన్ల నీళ్లు చాలు, పిస్టన్ మధ్యలోనే ఆగి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేయకూడదని మెకానిక్కులు చెప్పేది అందుకే.

ఇంజన్ లేని జీ

2024లో ఇదే బండికి ఎలక్ట్రిక్ రూపం వచ్చింది. జీ 580 శక్తి 587 హార్స్‌పవర్, పెట్రోలు బండితో దాదాపు సమానం. 116 కిలోవాట్ అవర్ బ్యాటరీ వల్ల బరువు 3,085 కిలోలకు పెరిగింది, 100 కిలోమీటర్ల వేగానికి 4.7 సెకన్లు పడుతుంది. పై వరుస మాత్రమే చదివేవాళ్లకు ఇది ఒక మెట్టు దిగడంలా కనిపిస్తుంది.

అడుగు వరుస వేరే కథ చెబుతుంది. నీటి లోతు 850 మిల్లీమీటర్లకు పెరిగింది, ఎందుకంటే మోటారు గాలి పీల్చదు. ఒక్కో చక్రానికి ఒక్కో మోటారు ఉంది. ఏ చక్రం జారుతోందో కంప్యూటరు చూసి దాని టార్క్ తగ్గిస్తుంది, పట్టున్న చక్రానికి పెంచుతుంది. మూడు లాకులు చేసే పనిని లాకులు లేకుండా చేస్తుంది. లో రేంజ్ మాత్రం ఇక్కడా వదల్లేదు. నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిప్పాల్సిన అవసరం మోటారుతో తీరిపోదు. అదే ఏడాది వచ్చిన ల్యాండ్ రోవర్ డిఫెండర్ ఆక్టా 4.4 లీటర్ల ఇంజన్‌తో 635 హార్స్‌పవర్ చూపిస్తుంది. నీళ్లలో దాని లోతు ఒక మీటరు. పోటీ రెండు వరుసల్లోనూ జరుగుతోంది, ప్రకటనల్లో మాత్రం ఒక్కటే వినిపిస్తుంది.

కాబట్టి ఇలాంటి కాగితం చేతికొచ్చినప్పుడు అడుగు నుంచి చదవడం మంచిది. ముందు బరువు, టైరు కొలత చూసి నేల మీద ఒత్తిడి ఎంతో అంచనా వేయాలి. తర్వాత లో రేంజ్ ఉందా, లాకులెన్ని ఉన్నాయో చూడాలి. నీటి లోతు చూసి, అది పారే నీటికి వర్తించదని గుర్తుంచుకోవాలి. హార్స్‌పవర్ చివర. హైదరాబాద్ రహదారి మీద లారీని దాటేటప్పుడు అది పనికొస్తుంది. రేగడి చేలో దిగబడితే 24 హార్స్‌పవర్, సగం గాలి తీసిన టైర్లు, ఒక లాక్ చాలు. అవి మూడూ పల్లెలో ఏ పాత జీపుకైనా అమర్చుకోవచ్చు.